బొట్టు ఉన్న వైపే మొహం

ఒక కుంకుమ బొట్టు వల్ల ఒకాయన చెవులు మధ్యాహ్నం పోయాయి, సాయంత్రానికి మళ్ళీ వచ్చేశాయి. డాక్టరు లేడు, మందు లేదు, మంత్రం లేదు. నమ్మండి చూద్దాం. నమ్మరు కదా? సరే, విన్నాక చెప్పండి.

భీమిలిలో సముద్రానికి రెండు వీధులు ఇవతల ఒక టైలర్ షాపు ఉంది. దాని పైన మేడ మీద లోకనాధం మాస్టారి రికార్డింగ్ స్టూడియో. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. పాడేవాళ్ళకి ఒక గది, వినేవాళ్ళకి ఒక గది, మధ్యలో అద్దం. అంతే. కానీ ఆ గదిలో పాడనివాడు లేడు. అయ్యప్ప పాటలు అక్కడే, చర్చి పాటలు అక్కడే, ఎలక్షన్ పాటలు అక్కడే. పొద్దున సన్నాయి, మధ్యాహ్నం డప్పు, సాయంత్రం కోచింగ్ సెంటర్ ప్రకటన. అన్నిటికీ ఒకటే మైకు. సముద్రపు చెమ్మకి పాడైపోతుందని దాన్ని రాత్రిళ్ళు బియ్యం డబ్బాలో దాచేవారు. అయినా చెమ్మ ఊరుకోదు కదా. ఒకరోజు కీర్తన మధ్యలో నూనెలో వేసిన అప్పడంలా చిటపటలాడి, చచ్చిపోయింది.

మాస్టారి దగ్గర పని నేర్చుకునేవాడు సింహాద్రి. హైదరాబాద్‌లో సౌండ్ కోర్సు చేసొచ్చాడు. కుర్రాడు మంచోడే గానీ బిల్డప్ ఎక్కువ. మైకు పోయిన రోజే అడిగాడు.

"మాస్టారూ, గుసగుస నుంచి డప్పు దాకా అన్నిటికీ పనికొచ్చే ఒకే ఒక్క మైకు ఏది?"

మాస్టారికి ఒక అలవాటుంది. ఏదడిగినా సూటిగా చెప్పరు. ఈసారీ అంతే. టీ గ్లాసు అంచు మీద వేలు తిప్పుకుంటూ, "పైడమ్మ వస్తాది కదరా. ఆవిడ పాడినాక అడుగు," అన్నారు.

పైడమ్మ పద్మనాభం ఊరి వైపు నుంచి వచ్చే జముకుల కథ చెప్పే మనిషి. చేతిలో మోగించుకునే అందెలు, పక్కన తమ్ముడి చంకలో జముకు. జముకంటే ఒక చిన్న డోలు లాంటిది, లోపల తీగ ఉంటుంది, మీటితే 'జుం జుం' అని పొట్టలోంచి మూలుగుతుంది. ఇంక పైడమ్మ గొంతు. తల్లి బిడ్డని జోకొట్టే చోట ఊపిరి మాత్రమే వినిపిస్తుంది. అమ్మవారు ఉగ్రం అయ్యే చోట కిటికీ రెక్కలు కదుల్తాయి. గుసగుసా డప్పూ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయన్నమాట. మైకుని పరీక్ష చెయ్యాలంటే అంతకన్నా ఎవరు కావాలి?

వైజాగ్ నుంచి అమ్మేవాళ్ళు స్టూడియోల్లో వాడే కండెన్సర్ మైకులు రెండు పంపించారు. ఒక రోజు వాడి చూసుకోండి, ఒకటి ఉంచుకుని రెండోది సాయంత్రం బస్సుకి వెనక్కి పంపండి అన్నారు. రెండూ కొనే తాహతు స్టూడియోకి లేదు.

వాటిలో ఒకటి పేరున్న మైకు. ఎంత పేరంటే, సింహాద్రి ఫోన్ వాల్‌పేపర్ అదే. ఆ వయసులో ఎవరైనా అమ్మాయి ఫోటో పెట్టుకుంటారు, వీడు మైకు ఫోటో పెట్టుకున్నాడు! వెండి ఒళ్ళు, ముందు వైపు మెరిసిపోయే పేరు. రెండోది ఎవరికీ తెలియని కంపెనీది. పేరు కూడా అడుగున చిన్న స్టిక్కర్ మీదే. చూడ్డానికి స్టీలు చెంబులా ఉంది.

ఇక్కడ ఒక్క సంగతి తెలియాలి మీకు. ఇవి స్టేజి మైకుల్లా కొన మీద పాడేవి కావు. నిటారుగా నిలబడతాయి, పక్క నుంచి పాడాలి. వాటికి ఒక పక్క మొహం, ఒక పక్క వీపు. మొహం వైపు ఊపిరి తీసినా పట్టేస్తాయి. వీపు వైపు గొంతు చించుకున్నా, పక్కింటి గొడవ మనకెందుకులే అన్నట్టు ఉంటాయి. పేరున్న దానికైతే ఆ మెరిసే పేరు ఉన్న పక్కే మొహం, దానికి ఒక స్విచ్ కూడా ఉంది. రెండు పక్కలా విను అంటే వింటుంది, చుట్టూ విను అంటే వింటుంది. ఆ రోజు మాత్రం ఒక్క పక్కకే పెట్టి ఉంచారు. పాడేది ఒక పక్కే కదా.

ఇంకొకటి. ఆ స్టూడియోలో ఒక కట్టుబాటు ఉంది. అరువుకి వచ్చిన వస్తువైనా సరే, బొట్టు పెట్టకుండా వైరు తగిలించరు. అగరొత్తి మాత్రం గుమ్మం బయటే, పొగ పడితే మైకు పాడవుతుంది. కుంకుమ కూడా పైన గొంతు పట్టే జాలీ మీద కాదు, కింద ఒంటి మీదే.

సింహాద్రి కుంకుమ భరిణె తీసుకున్నాడు. స్టీలు చెంబుకి ముందు వైపే ఠక్కున ఒక బొట్టు పెట్టేశాడు. పేరున్న మైకు దగ్గరికొచ్చేసరికి వేలు ఆగిపోయింది. ఆ మెరిసే పేరు మీద కుంకుమా? మనసొప్పలేదు. మెల్లగా వెనక్కి తిప్పి, వీపు మీద చిన్న బొట్టు పెట్టాడు. తర్వాత రెండిటినీ పక్కపక్కన స్టాండ్లకి బిగించి, మొహాలు పైడమ్మ కూర్చునే చాప వైపు సరిగ్గా పెట్టి, అద్దం అవతల గదిలోకి పరిగెత్తాడు.

వాడు కంప్యూటర్ ముందు కూర్చుని వైర్లు చూసుకుని తలెత్తాడు. అద్దంలోంచి ఏం కనిపించింది? పేరున్న మైకు, దాని పేరు ధగధగలాడుతూ. ఆహా అనుకున్నాడు. ఫోన్ తీసి ఫోటో కొట్టి స్టేటస్ పెట్టేశాడు: 'ఇక ఫోన్‌లో కాదు, నా ఎదురుగా!'

అప్పుడే ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

పైడమ్మ కథ ఎత్తింది. జోల పాడింది, ఉగ్రం చూపించింది, ఏడిపించింది, చివర్లో హారతి పాడి లేచింది. హారతి అయ్యాక ఆ రోజుకి మళ్ళీ కథ ఎత్తదు, అది వాళ్ళ గురువు పెట్టిన నియమం. మాస్టారు అంతసేపూ పాడే గదిలోనే మూల స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని విన్నారు.

తర్వాత ఇద్దరూ కూర్చుని రికార్డయింది విన్నారు. ముందు స్టీలు చెంబుది. పైడమ్మ ఒళ్ళో తలపెట్టుకుని వింటున్నట్టు ఉంది. జముకు తీగ మీద వేలు రాసుకునే చప్పుడు కూడా వినపడింది. తర్వాత పేరున్న మైకుది. పైడమ్మ ఎక్కడో మెట్ల కింద పాడుతున్నట్టు, జముకు గోనెసంచిలో మోగినట్టు.

సింహాద్రికీ దూరంగానే వినిపించింది. కానీ ఆ పేరు! అంతమంది మెచ్చుకున్న పేరు. నా చెవి తప్పా, ప్రపంచం తప్పా అనుకున్నాడు. ప్రపంచం వైపే వెళ్ళిపోయాడు.

"చూశారా మాస్టారూ, ఎంత లోతు ఉందో! గొంతు చుట్టూ చోటు వినిపిస్తోంది. అదీ ఖరీదైన మైకంటే. ఆ రెండోది మరీ మీద పడిపోతోంది."

మాస్టారు ఇంకోసారి వెయ్యమన్నారు. మళ్ళీ విన్నారు. "నాకైతే దూరంగా ఉందిరా. పై స్వరాల్లో మెరుపు కూడా ఏటీ అనిపించట్లేదు."

ఇక్కడ మీకు తెలియాల్సిన మాట ఒకటుంది. ఆ మధ్య డాక్టరు చెవులు పరీక్ష చేసి, పై స్వరాలు వినపడ్డం కాస్త తగ్గింది పెద్దాయనా, వయసు కదా అన్నాడు. మాస్టారు ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు, సింహాద్రికే చెప్పారు. చెప్పి, "ఏదైనా తేడా వస్తే నువ్వే చెప్పాలిరా. దాపరికం వద్దు," అన్నారు.

సింహాద్రి ఇప్పుడు చెప్పాడు. ఎలా చెప్పాడో వినండి.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. ఆ మెరుపు ఉంది. మీకే వినపడట్లేదు."

మాస్టారు మెడలో ఉన్న హెడ్‌ఫోన్లు తీశారు. ఆయన చెవులకి అరిగి అరిగి మెత్తబడిపోయిన పాత హెడ్‌ఫోన్లు. తువ్వాలుతో తుడిచి, సింహాద్రి ముందు బల్ల మీద పెట్టారు.

"అయితే ఈ కుర్చీ నీదేలే. అన్యాయంగా ఒకరి పాట పాడుచెయ్యకూడదు మనం. ఆ రెండోది సర్దీ, బస్సు టైమవుతోంది," అని బయట వరండాలోకి వెళ్ళి నిలబడ్డారు.

కుర్చీ దొరికింది, కలల మైకు దొరికింది. సింహాద్రి ఎగిరి గంతెయ్యాలి కదా? ఎందుకో వెయ్యలేదు. ఆ హెడ్‌ఫోన్లు ముట్టుకోబుద్ధి కాలేదు వాడికి. పాడే గదిలోకెళ్ళి, వెనక్కి పంపే స్టీలు చెంబు మీద బొట్టు తడిగుడ్డతో తుడవడం మొదలెట్టాడు. పైడమ్మ చాప చుడుతోంది.

"అయ్యో, అదేటి బాబూ! ఆ బొట్టు సెరిపేత్తన్నావు?"

"తిరిగి పంపాలమ్మా. కుంకుమ ఉంటే బాగోదు."

"మరి ఆ రెండో అమ్మకి? ఆ బొట్టు ఉంచుతావా?" అని నవ్వింది. "సిన్నపిల్లలాగ అలిగినాది బాబూ అది. నాను వచ్చీసరికి అటు తిరిగి కూకుంది. బొట్టు అటేపు, వీపు నా ఏపు. వీపుకి కథ సెప్తారా ఎవలైనా? ఇటు తిరగమ్మా అని నానే తిప్పీసినాను."

సింహాద్రి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"మీరు తిప్పారా?"

"మరి? బొట్టున్న ఏపే కదా మొకం!"

సింహాద్రి పేరున్న మైకు వైపు చూశాడు. బొట్టు చాప వైపు ఉంది. ఫోన్ తీశాడు. వాడి స్టేటస్‌లో ఆ పేరు ఇంకా ధగధగలాడుతోంది. అద్దం వైపు. వీడి వైపు! కథ అయినంతసేపూ ఆ మైకు పైడమ్మకి వీపు పెట్టి వీడి మొహమే చూస్తూ కూర్చుంది. స్టేటస్ కింద కాలేజీ ఫ్రెండ్ ఒకడు రాశాడు కూడా: 'మామా, సింగర్ నువ్వా?'

ఇప్పుడు అసలు తమాషా. వాడు నోరు మూసుకుంటే ఏమవుతుంది? ఏమీ కాదు. మైకు మంచిదే, రేపు సరిగ్గా తిప్పి పెడితే బ్రహ్మాండంగా పాడుతుంది. పైడమ్మ కథ స్టీలు చెంబులో చక్కగా పడింది. కుర్చీ వాడిదే. ఎవరికీ నష్టం లేదు. వరండాలో నిలబడ్డ ఆ పెద్దాయన చెవులకి తప్ప.

"మీరు తిప్పినప్పుడు మాస్టారు చూశారా?" అని అడిగాడు.

"ఆ మూల కూకున్నారు కదా. కళ్ళు తెరిసున్నారో మూసుకున్నారో, నానేటి సూసినాను? నా కథ నాది."

మాస్టారికి తెలుసో తెలియదో నన్నడక్కండి. సింహాద్రికీ తెలీదు. కానీ వాడు బల్ల దగ్గరికెళ్ళి ఆ హెడ్‌ఫోన్లు రెండు చేతులతో పట్టుకుని వరండాలోకి నడిచాడు. బిల్డప్ అంతా గుమ్మం దగ్గరే ఎక్కడో జారిపోయింది.

"మాస్టారూ. మీ చెవులు బాగానే ఉన్నాయి. మైకు వెనక్కి తిరిగి ఉంది. నాకూ దూరంగానే వినిపించింది. వినిపించి కూడా... పేరు చూసి మీకు అబద్ధం చెప్పాను."

మాస్టారు హెడ్‌ఫోన్లు తీసుకుని మెడలో వేసుకున్నారు. సముద్రం వైపు తిరిగారు. కింద టైలర్ మిషన్ చప్పుడు ఆగి, మళ్ళీ సన్నగా కీచుమంటూ మొదలైంది.

"ఇంకా పైన మెరుపు వినపడుతోందిరా," అన్నారు. "ఆ మిషన్ సూది మార్చాల."

సింహాద్రికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. బస్సు వెళ్ళిపోయే టైమైంది. లోపల మైకులు రెండూ ఇంకా స్టాండ్ల మీదే ఉన్నాయి, బస్సుకి వెయ్యాల్సిన పెట్టె ఖాళీగా ఉంది. పైడమ్మ ఇక పాడదు, ఇంకోసారి పరీక్ష చెయ్యడానికి లేదు.

"మాస్టారూ, ఆవిడ పాడాక అడగమన్నారు. ఇప్పుడు అడుగుతున్నా. ఏది ఉంచాలి?"

మాస్టారు లోపలికొచ్చారు. మైకుల వంక చూడనే లేదు. కుంకుమ భరిణె మూత తీసి, ఉంగరం వేలు ముంచారు. ఏ మైకుకి పెడతారా అని వీడు చూస్తున్నాడు. ఆయన వేలు మైకుల్ని దాటి, వచ్చి వీడి నుదుటి మీద ఆగింది. గట్టిగా ఒక బొట్టు పెట్టి అన్నారు:

"ముందు నీ మొహం ఎటుందో తెలియాల కదరా నాకు."

ఇంతకీ బస్సెక్కింది ఏదంటే, సింహాద్రి పెట్టె తీసి, రెండిట్లో ఒకదాన్ని... ఒక్క నిమిషం, మా ఇంట్లో పిలుస్తున్నారు. ఆఁ! వస్తున్నానే అమ్మా! ట్యాంకు పొంగుతోందా? మోటరు నేనే కట్టేస్తా, ఉండు—