కొమ్ముకు ఖంగుమన్న గోడ

వానలు దారి మరచిన ఒకానొక ఎర్రనేలల మెట్టలో పశువుల మంద ఒకటి ఉండేది. రాళ్ళ సందుల్లో మొలిచిన గరికకు కూడా అక్కడ వంతులు పడేవి. ఆ మందలో బొల్లన్న అనే ఎద్దు ఉన్నాడు. నుదుట తెల్లని బొల్లి ఉండడంతో ఆ పేరు వచ్చింది. మట్టిగోడ లేపడంలో అతనికి సాటి లేదు. ఎండుగడ్డి కలిపి అడుసు తొక్కి, ఒక వరస పేర్చి, దాన్ని ఎండకు వదిలేసేవాడు. కొన్నాళ్ళు గడిచాక కొమ్ముతో తట్టి చూసేవాడు. ఖంగుమంటే ఆ వరస ఎండినట్టు. ఆ తరువాతే పై వరస. తాతల నాటి నుంచి ఆ జాతికి తెలిసిన పరీక్ష అదొక్కటే. అది ఎన్నడూ అబద్ధమాడలేదు.

ఆ ఏడు బొల్లన్న జోడు పుల్లావు ఈనింది. ఈనిందన్న మాటే గానీ పొదుగులో పాలు లేవు. దూడ కుమ్మి కుమ్మి అలసిపోయి, చివరికి తల్లి కాళ్ళ దగ్గర మట్టిని నాకుతూ కూర్చునేది. బొల్లన్న అటు చూడలేక ముఖం తిప్పుకునేవాడు.

అటువంటి రోజుల్లో ఉత్తరం నుంచి గుంటనక్క వచ్చాడు. ఒంటి నిండా ఒత్తయిన బొచ్చు, నోటి నిండా తేనె. పేరుపేరునా అందరి కుశలం అడిగాడు. దూడను చూసి కళ్ళు తుడుచుకున్నాడు. మంచుకొండల అవతల ఒక లోయ ఉందనీ, వేసవిలో అక్కడ పచ్చిక మోకాటి లోతు పెరుగుతుందనీ, ఆ లోయకు దొర ఒక ఎలుగనీ, ఆ దొర గుహకు ముందు ఒక గోడ కావాలనీ నెమ్మదిగా వివరించాడు.

"ఈ చలికాలంలో వచ్చి గోడ కట్టు బావా" అన్నాడు. "వసంతంలో తొలి పచ్చిక మొలిచిన నాడు ఆ గోడ నిలిచి ఉండాలి, అంతే. ఆ రోజు నుంచి లోయ మీ మందది. దొర మాట ఇచ్చాడు."

"దూరపు కొండలు నునుపంటారు" అన్నాడు పక్కనే నిలబడిన గాడిద వీరన్న. "ఈయన బొచ్చు చూస్తే నిజమే అనిపిస్తోంది."

నక్క నవ్వాడు. బొల్లన్న నవ్వలేదు, దూడ వైపు చూసి తల ఊపాడు. బయలుదేరే వేళకు వీరన్న కూడా వెంట నడిచాడు. నమ్మకం లేనివాడివి నువ్వెందుకు వస్తున్నావని బొల్లన్న అడిగాడు.

"నువ్వు తొక్కిన మట్టిని మోయడానికి ఒక వీపు కావాలి కదా" అన్నాడు వీరన్న. "ఆ దేశంలో గాడిదలు లేవట. అందుకే మన ఊరి దాకా వెతుక్కుంటూ వచ్చారు."

కొండలెక్కి, కనుమలు దాటి వాళ్ళు లోయ చేరేసరికి ఆకులన్నీ రాలిపోయి ఉన్నాయి. దొర గుహ నోరు సరిగ్గా ఉత్తరపు గాలికి ఎదురుగా తెరుచుకుని ఉంది. గుహ పక్కన ఎంత చలిలోనూ పొగలు కక్కే వేడినీటి ఊట ఒకటి ఉంది. దాని అవతల గడ్డి మొలిచిన దిబ్బలు కొన్ని, పడుకున్న పశువుల్లా, ఒకే కొలతలో బారుగా ఉన్నాయి. మిగతా నేలంతా బిగుసుకుపోయిందనీ, మట్టి ఆ దిబ్బల నుంచే తీసుకోమనీ నక్క చెప్పాడు.

బొల్లన్న కొమ్ముతో దిబ్బను పెళ్ళగించాడు. లోపలి మట్టిలో ఎండుగడ్డి పోగులు కనిపించాయి. అతను ఆశ్చర్యపోయి నక్కను పిలిచి చూపించాడు.

"మా దేశపు మట్టి గొప్పతనమే అది బావా. గడ్డితోనే పుడుతుంది. నీకు కలిపే శ్రమ తప్పింది" అన్నాడు నక్క.

"ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టుంది" అని వీరన్న గొణిగాడు. కానీ బొల్లన్నకు అది శుభశకునంలా తోచింది. ఊటనీరు పోసి, అడుసు తొక్కి, తొలి వరస పేర్చాడు. తెల్లవారి లేచి అలవాటు కొద్దీ కొమ్ముతో తట్టాడు.

ఖంగుమంది.

తన చెవులను తానే నమ్మలేక మళ్ళీ తట్టాడు. మళ్ళీ ఖంగుమంది. ఇంటి దగ్గర ఎన్నో ఎండలు చేసే పనిని ఇక్కడ ఒక్క చలి చేసిపెట్టింది. ఈ లెక్కన వసంతానికి చాలా ముందే గోడ పూర్తవుతుందని అతని గుండె తేలికపడింది. ఆ రోజే రెండో వరస పేర్చాడు.

ఒకనాడు ఒక ముసలి జడలబర్రె అటుగా పోతూ ఆగి, చాలాసేపు గోడను చూసింది. తమ జాతి చలికాలంలో ఏదీ కట్టదని మెల్లగా అంది. ఎందుకని బొల్లన్న అడిగేలోగా గుహ నెత్తిన నక్క తోక కదిలింది.

"దొర గుమ్మంలో మాటలు పెంచకూడదు నాయనా" అంది జడలబర్రె. "నాకూ పిల్లలున్నారు." తల దించుకుని వెళ్ళిపోయింది.

ఒంటి నిండా జడలున్న సోమరులకు పని ఎందుకని నక్క తీసిపారేశాడు. బొల్లన్న ఆ మాటే నమ్మాడు. తాను కష్టజీవిననే గర్వం కూడా అందులో కొంత కలిసింది.

చలి ముదిరింది. బొల్లన్న గిట్టలు పగిలి నెత్తురు కారింది. అడుసులోకి దిగితే మంట, పైకి వస్తే తిమ్మిరి. వీరన్న వీపు మీద కారిన తడి అక్కడే బిగిసి, ఒలిస్తే తోలుతో సహా ఊడివచ్చేది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నవాడు ఈ దేశం చూడలేదు" అనేవాడు అతను. "చూసి ఉంటే కాలు కడిగే భాగ్యం ఉన్నవాడిని కూడా మెచ్చుకునేవాడు." ఎలుగు దొర మాత్రం గోడ చాటున వెచ్చగా నిద్రపోతూ ఉండేవాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

చివరి వరసకు మట్టి మోస్తూ వీరన్న మోకాళ్ళ మీద కూలబడ్డాడు. బొల్లన్న మెడతో లేపబోయాడు. లేవలేదు.

"గాలి తగలని చోట పెట్టు అన్నా" అన్నాడు వీరన్న. "ఇంకేమీ వద్దు."

తెల్లవారేసరికి వీరన్న ఊపిరి ఆగింది. గోడ పునాది దగ్గర, గాలి తగలని పక్కన, బొల్లన్న అతన్ని పడుకోబెట్టి మట్టి కప్పాడు. ఆ తరువాత చివరి వరసను ఒక్కడే పూర్తిచేశాడు. గోడ ఎంత గట్టిగా ఉందంటే, తట్టిన కొమ్ము కొన చిట్లింది.

ఎట్టకేలకు ఎండ మొహం చూపింది. మంచు కరిగి వాగులు కదిలాయి. బొల్లన్న గోడ ముందు నిలబడి పచ్చిక కోసం నేలను వాసన చూడసాగాడు. ఒక ఉదయం కొమ్ముతో తట్టాడు. చప్పుడు రాలేదు, కొమ్ము మెత్తగా లోపలికి దిగింది. వెనక్కి లాక్కునేసరికి ఆ కన్నం నుంచి నీళ్ళు కారాయి. మధ్యాహ్నానికి పై వరసలు జారాయి. సాయంత్రానికి గోడంతా చతికిలబడి, వీరన్న పడుకున్న చోటును కప్పేసింది. దాని పక్కనే, చల్లగా, తొలి పచ్చిక మొలిచింది.

అప్పుడు బొల్లన్నకు తెలిసింది. చలి గోడను ఎండబెట్టలేదు. బిగబట్టి ఉంచింది, అంతే. కొమ్ముకు ఆ రెండూ ఒకేలా మోగుతాయి. అతను తలెత్తి చూశాడు. కూలిన గోడ ఒక దిబ్బలా ఉంది. ఎత్తులోనూ పొడవులోనూ అవతలి దిబ్బలకు సరిజోడు. వాటిలోని గడ్డి ఎవరు తొక్కితే కలిసిందో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. వాటి కింద ఎవరున్నారో అతను అడగలేదు.

నక్క వచ్చి తల పంకించాడు. "అయ్యో బావా, మాట ప్రకారం గోడ నిలవాలి కదా. వచ్చే చలికాలం మళ్ళీ ప్రయత్నించు."

గుహ ముందు ఎలుగు ఎండకు ఒళ్ళు విరుచుకుంటున్నాడు. గోడ లేదని అతనికి చింత లేదు. ఏరు దాటినవాడికి తెప్పతో పనేమిటి?

లోయలో మోకాటి లోతు ఎదిగిన పచ్చికను దాటి బొల్లన్న ఇల్లు చేరేసరికి దూడ లేదు. పుల్లావు దూడ నాకిన మట్టి దగ్గరే పడుకుని ఉంది.

మళ్ళీ ఆకులు రాలే కాలం వచ్చింది. పొరుగు మందలో నక్క కొత్త నేస్తాల కుశలం అడుగుతున్నాడని తెలిసి బొల్లన్న అక్కడికి నడిచాడు. నక్క తొణకలేదు. బాగున్నావా బావా అన్నాడు. గోడ కట్టడం చేతకానివాడు వచ్చాడని కుర్ర ఎద్దులు నవ్వుకున్నాయి.

"ఒక్క మాట" అన్నాడు బొల్లన్న. "గోడ ఎప్పటికీ ఉండేదే కదా మీకు కావలసింది?"

"గోడంటే మరి అంతేగా బావా."

"అయితే వేసవిలో కడతాం. మంద ఆ లోయలో మేస్తూ ఉంటుంది, మేము ఎండలో వరస వరసా ఆరబెట్టి లేపుతాం. చలి వచ్చేనాటికి రాయిలాంటి గోడ ఉంటుంది. ఆపైన ఏటేటా మమ్మల్ని పిలిచే శ్రమ మీకుండదు. దొరను అడిగి రా."

వేసవిలో దొరకు తీరిక ఉండదని నక్క నసిగాడు. మందలోని పెద్దావు ఒకటి, "తేనె అయిపోయినట్టుంది" అంది. నవ్వులు ఈసారి అటు తిరిగాయి. నక్క తోక ముడిచి ఉత్తరపు బాట పట్టాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. డొక్కలు లెక్కపెట్టగలిగేంత బక్కచిక్కిన కుర్ర ఎద్దు ఒకడు బొల్లన్న ఎదుట నిలబడ్డాడు. "పెద్దన్నా, అక్కడ పచ్చిక నిజంగా ఉందా?"

బొల్లన్నకు అబద్ధం చెప్పడం చేతకాలేదు. "ఉంది" అన్నాడు. "మోకాటి లోతు ఉంది."

కుర్రవాడు మరి ఆగలేదు. నక్క వెళ్ళిన వైపే నడిచాడు. బొల్లన్న అడ్డుపడలేదు, ఆకలికి అడ్డుగోడ ఏ మట్టితోనూ లేవదు.

"తమ్ముడూ" అని మాత్రం పిలిచాడు. "అక్కడ బారులో చివరి దిబ్బను తవ్వకు. దాని కింద మా వీరన్న ఉన్నాడు."

పని ఎంత బాగా వచ్చినా, ఆ పని చేయించేవాడి అక్కర ఏ కాలంతో తీరిపోతుందో అడగనివాడు, తన గోడ కూలిన నాడు గానీ తాను మోసపోయానని ఎరుగడు.