జిలానీ మేస్త్రి తెల్లగీత

జిలానీ మేస్త్రికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పేవాడు కాదు. షెడ్డులోంచి ఏదో ఒక సామాను తెచ్చి వాడి చేతిలో పెట్టేవాడు. అర్థమైతే అయింది, లేకపోతే ఆ బరువు మోసుకుంటూ నిలబడాల్సిందే. విజయవాడ ఆటోనగర్‌లో ఆయన షెడ్డు డ్రైవ్‌షాఫ్టులకు పేరుమోసింది. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు అందించే ఆ పొడవాటి గొట్టాన్ని లారీలకూ చేశాడు, పందెం కార్లకూ చేశాడు. బిగించే ముందు ప్రతి షాఫ్టు మీదా ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లరంగుతో తిన్నగా ఒక గీత గీయించేవాడు. పరుగు అయ్యాక ఆ గీత వంకర పోయిందంటే, షాఫ్టు పైకి ఎంత తిన్నగా కనిపించినా లోపల మెలిపడినట్టే లెక్క. పందెం నుంచి వచ్చిన కారు కిందకి మాత్రం ఆయన ఒక్కడే దూరి గీత చూసుకునేవాడు. ఇంకొకణ్ణి చూడనిచ్చేవాడు కాదు.

ఆ ఏడు ఫణీంద్ర అనే ఆసామి డ్రాగ్ రేసు కారు తెచ్చాడు. పావుమైలు దూరం, గట్టిగా పది సెకన్ల పందెం, పదకొండు వందల గుర్రాల ఇంజను. దీనికి ఏ షాఫ్టు వేద్దామని మేస్త్రి శిష్యులిద్దరినీ అడిగాడు. తొమ్మిదేళ్ళుగా ఉన్న నాంచారయ్య, "క్రోమోలీ స్టీలు మేస్త్రీ, దానికి తిరుగులేదు" అన్నాడు. మూడేళ్ళ కిందట వచ్చిన ప్రభుదాసు, "కార్బన్ ఫైబర్ అయితే బరువు బాగా తగ్గుతుంది మేస్త్రీ, మెలితిప్పుడుకి కాస్త ఓర్చుకుంటుంది కూడా" అన్నాడు. మేస్త్రి గడ్డం గోక్కుని, "ప్రభూ, నువ్వే చెయ్యి" అన్నాడు.

అంతే, నాంచారయ్య కడుపులో కుంపటి రాజుకుంది. తొమ్మిదేళ్ళు ఆ గ్రీజులో పొర్లింది తను. మేస్త్రికి మోకాళ్ళ నొప్పులొస్తే ఆస్పత్రికి తిప్పింది తను. మేస్త్రి తర్వాత ఈ షెడ్డు ఎవరిదని ఎవరైనా అడిగితే అందరూ తనవైపే చూసేవాళ్ళు. ఇప్పుడు నిన్నగాక మొన్న వచ్చినవాడు ఆ నల్లటి కార్బన్ గొట్టాన్ని పసిబిడ్డలా పొదివి పట్టుకుని తిరుగుతుంటే, అందరి చూపూ వాడి మీదే. వాడు నవ్వినా మంటే, వాడు "అన్నా" అని పిలిచినా మంటే.

పని ఐదురోజులు నడిచింది. చివరి రోజు, స్టీలుకు అలవాటుపడ్డ చెయ్యి చేసే తప్పే ప్రభుదాసూ చేశాడు. గొట్టాన్ని ఇనపముక్కలా బల్లకున్న వైసు దవడల మధ్య పెట్టి బిగించాడు. మధ్యలో రబ్బరు పెట్టాడు గానీ అది జారి, వైసు పళ్ళు అడుగువైపు కరిచాయి. స్టీలుకైతే ఆ గాటు ఒక లెక్కలోది కాదు. కార్బన్‌కు అలా కాదు. అల్లిన పోగులు తెగిన చోటునుంచే, పూర్తి జోరులో, డ్రైవరు నడుం కిందే అది చీలికలైపోతుంది. ప్రభుదాసు అది చూడలేదు. వాడు టీకి వెళ్ళాక నాంచారయ్య గొట్టం తుడుస్తుంటే వేలిగోరు గాటుకు తగిలింది.

చెప్పాలనే అనుకున్నాడు. అబద్ధమెందుకు, నోటిదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే ఫణీంద్ర వచ్చి, టీ తాగి తిరిగొస్తున్న ప్రభుదాసు భుజం మీద చెయ్యేసి, "నీ పేరు కారుమీద రాయిస్తానయ్యా" అన్నాడు. నాంచారయ్య గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు. పందెంలో పోతే పోతుంది, వీడి పేరూ దాంతోనే పోతుంది అనుకున్నాడు. ఆ షాఫ్టు మీద కూర్చునే మనిషి సంగతి ఆలోచించకుండా ఉండడానికి మాత్రం చాలా కష్టపడ్డాడు.

తెల్లారి షాఫ్టును కారు కిందికి తీసుకెళ్తుంటే ఇక ఉండబట్టలేక మేస్త్రి దగ్గరికి వెళ్ళాడు. చెప్పాల్సింది చెప్పకుండా ఇంకోటి అడిగాడు.

"గురువుగారూ, స్టీలు గొప్పదా, కార్బన్ గొప్పదా?"

మేస్త్రి ఆ మొహంకేసి చూసి, అటకమీంచి పాత స్టీలు షాఫ్టొకటి దింపి వాడి చేతుల్లో పెట్టాడు. నాంచారయ్య పోల్చుకున్నాడు. ఆరేళ్ళ కిందట తను మొదటిసారి పందెం కారుకు చేసిన షాఫ్టు. నాలుగు పందేలు గెలిచిందని ఆటోనగరంతా చెప్పుకున్న షాఫ్టు. తడిమితే తిన్నగానే ఉంది. దానిమీద గీత మాత్రం ఒక కొసన మొదలై, గొట్టాన్ని చుట్టుకుంటూ పక్కకు పోయింది.

"నాలుగోసారికి మెలిపడింది. ఐదోసారి తెగేది. నేనే విప్పి వేరేది వేశాను."

"నాకెందుకు చెప్పలేదు మేస్త్రీ?"

"నీ పేరు అప్పుడే పైకొస్తోంది కదరా."

నాంచారయ్య చేతుల్లో ఆ ఇనుము మణుగు బరువైంది. దాన్ని కింద పెట్టి, కారు దగ్గరికి నడిచి, "ఆపండి, అడుగువైపు గాటుంది" అన్నాడు. ప్రభుదాసు తడిమి చూసుకుని పాలిపోయాడు. ఫణీంద్ర ఆ ఆదివారం పందెం పోయిందని తిట్టుకుంటూ వెళ్ళాడు. ప్రభుదాసు నాంచారయ్య రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు చూడబట్టి సరిపోయింది అన్నా" అంటుంటే అసూయ కంటే ఎక్కువగా ఆ మాట మండింది.

"ఇప్పుడు చూడలేదురా, నిన్న సాయంత్రమే చూశాను" అన్నాడు నాంచారయ్య, అందరూ వినేటట్టు.

ప్రభుదాసు చేతులు వదిలేశాడు. ఇక నిన్ను పంపించేస్తున్నాను అనే మాట కోసం నాంచారయ్య తలదించుకుని నిలబడ్డాడు. మేస్త్రి తెల్లరంగు డబ్బా తెచ్చి కుంచె వాడి చేతిలో పెట్టాడు.

"కొత్త గొట్టం తెప్పిస్తున్నాను. దానిమీద గీత నువ్వు గియ్యి."

"నేనా గురువుగారూ? ఇంత చేశాక కూడానా?"

"ఇందాక ఏది గొప్పదని అడిగావుగా. మెలిపడని షాఫ్టును నేనింతవరకూ చూళ్ళేదు నాంచారీ. మెలిపడ్డాక మళ్ళీ తిన్నగా తిరిగొచ్చేదాన్నే నేను కారుకేస్తాను."