కుందేలు దాచిన ముల్లు

అనగనగా ఒక పెద్ద అడవి, ఆ అడవి నడిమధ్యన పళ్ళకి వైద్యం చేసే ఆస్పత్రి ఒకటి. కదలకుండా కూర్చుని వినండి మరి. మధ్యలో మంచినీళ్ళంటూ లేచారో, కథ అక్కడే ఆపేస్తాను.

ఆ ఆస్పత్రిలో డాక్టరు ఒక కొండముచ్చు. పేరు సింహాద్రి. పులి నోట్లో అయినా సరే, బెదరకుండా చెయ్యి పెట్టి పన్ను పీకేవాడు. నూకరత్నం అనే ముంగిస అక్కడ నర్సు. ఆమెకి తెలియని పని లేదు, ఆమెకి ఎదురు చెప్పేవాళ్ళూ లేరు. ఇక పోలమ్మ అనే కుందేలు గుడ్డలు ఉతికేది. పన్ను పీకేటప్పుడు రోగి గుండెల మీద తెల్లగుడ్డ కప్పుతారు చూడండి, ఆ గుడ్డలన్నీ పోలమ్మే వాగులో ఉతికి ఆరేసేది.

నొప్పి తెలియకుండా చిగుళ్ళు తిమ్మిరెక్కాలంటే సూది కావాలి కదా. అడవిలో సూదులెక్కడివి? ముళ్ళపంది రాల్చిన ముళ్ళే సూదులు. వాటిని ఆకుపసరులో ముంచి చిగుళ్ళలో గుచ్చేవారు. ఒకరికి వాడిన ముల్లు ఇంకొకరికి వాడకూడదు. వాడేసినవాటిని పడెయ్యడానికి ఎండిన ఆనపకాయ బుర్ర ఒకటి గుమ్మం పక్కన వేలాడదీశారు.

ఒకరోజు పొద్దున్నే దుమ్ములగొండి వచ్చింది. ఎర్రజ్వరంతో దాని ఒళ్ళు కాలిపోతోంది. పుచ్చిపోయిన పన్ను పీకించుకుని, మూలుగుతూ వెళ్ళిపోయింది. కాసేపటికి పోలమ్మ మాసిన గుడ్డల మూట వాగు దగ్గరికి తీసుకెళ్ళి విప్పింది. కుడిచేత్తో ఒక గుడ్డ పట్టుకుందో లేదో, అరచేతిలో చురుక్కుమంది.

చూస్తే ముల్లు! వాడేసిన ముల్లు, గుడ్డ మడతలో నిలువునా దిగి ఉంది. దాని మొన ఎర్రగా ఉంది.

ఎర్రజ్వరం నెత్తురు ద్వారా అంటుకుంటుందని పోలమ్మకి తెలుసు. ఇంట్లో ఇంకా కళ్ళు తెరవని పిల్లలు నలుగురున్నారు. తనకేమైనా అయితే వాళ్ళకి పాలిచ్చేదెవరు?

తను అక్కలా అనుకునే నూకరత్నం దగ్గరికి పరుగున వెళ్ళింది. "అప్పా, నా సేతికి ముల్లు గుచ్చుకుపోనాది. డాక్టరు గారికి సెప్పీనా?"

నూకరత్నం అటూ ఇటూ చూసి, పోలమ్మని తలుపు చాటుకి లాగింది. "ఒలే, నోర్ముయ్! మొన్నటిదాకా ఇక్కడ పనిచేసిన ఉడత ఏటయిందో తెల్దా? ముల్లు గుచ్చుకుందని సెప్పింది. వారం తిరక్కుండా మరి కనబడలేదు. పనిలోంచి తీసీసుంటారు. నీ సెయ్యి నువ్వు కడుక్కుని ఊరుకో."

పోలమ్మ చెయ్యి కడుక్కుంది. ఊరుకుంది. కానీ మనసు ఊరుకుంటుందా? ఇంతకీ ఆ ముల్లు గుడ్డలో ఎవరు పెట్టారు? గుడ్డలు మూట కట్టింది నూకరత్నమే. తప్పు తనదే కాబట్టి, బయటపడకుండా నా నోరు మూయిస్తోందా? అప్పటినుంచి పోలమ్మకి నూకరత్నం నవ్వినా అనుమానమే, దగ్గినా అనుమానమే.

ఆ మధ్యాహ్నమే కూర్మారావు అనే తాబేలు ఆస్పత్రికి వచ్చాడు. పనివాళ్ళకి జాగ్రత్తలు నేర్పడానికి ఏటా ఎవరో ఒకరు వచ్చేవారు. వచ్చినవాళ్ళు ఏదో చదివేవారు, వినేవాళ్ళు ఆవులించేవారు. చివర్లో అందరూ రంగులో చెయ్యి ముంచి, "విన్నాం" అని తాటాకు మీద ముద్ర వేసి, చెరుకు ముక్కలు నములుకుంటూ పోయేవారు. అదీ వాళ్ళు నేర్చుకున్న జాగ్రత్త! కూర్మారావు అలా కాదు. మూడు రోజులుంటానన్నాడు. ప్రతి మూలా వంగి చూశాడు. మూతలు తీశాడు, బుట్టలు కదిలించాడు. ఏదో రాసుకుంటూనే ఉన్నాడు.

"ఎవరికైనా ముల్లు గుచ్చుకుందా?" అని మొదటిరోజే అడిగాడు.

ఎవరూ మాట్లాడలేదు. వీడు డాక్టరు పంపిన వేగులవాడేమో అనుకుని పోలమ్మ చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"గుచ్చుకుంటే భయపడక్కర్లేదు. నా దగ్గర కషాయం ఉంది," అన్నాడు కూర్మారావు. "కానీ గుచ్చుకున్న మూడోరోజు పొద్దు గూకేలోగా తాగాలి. ఆ తర్వాత కడివెడు తాగినా లాభం లేదు."

ఆ మాట వినగానే నూకరత్నం ముఖం పాలిపోయింది. పోలమ్మ అది ఓరకంట చూసింది. దొరికింది దొంగ అనుకుంది. ముల్లు పెట్టింది ఈమె కాకపోతే ఈమెకెందుకంత భయం?

రెండోరోజు కూర్మారావు మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు. మళ్ళీ ఎవరూ నోరు విప్పలేదు. "ఇప్పుడు నా ఆస్పత్రిలో అలాంటివి జరగడం లేదండీ," అన్నాడు డాక్టరు సింహాద్రి గొప్పగా. అలా అంటూ పోలమ్మ వైపు చూశాడు. ఎందుకు చూశాడు? డాక్టరుకి తెలిసిపోయిందా? పోలమ్మకి ఆ రోజు గడ్డి నోటికి రుచించలేదు. అరచెయ్యి వాచింది. ఇంటికెళ్ళి పిల్లల్ని ముట్టుకోవడానికి కూడా భయపడి, దూరంగా కూర్చుని ఏడ్చింది.

నాకైతే ఈ పోలమ్మ మీద ఒళ్ళు మండుతుంది. మందు ఎదురుగా ఉంటే అడగడానికేం? అయినా అనకూడదులెండి. గాజుగ్లాసు పగలగొట్టి ముక్కలు చాప కిందకి తోసినవాళ్ళు ఈ గదిలోనే ఉన్నారు. పేర్లు చెప్పను.

మూడోరోజు పొద్దున నూకరత్నమే పోలమ్మని వెతుక్కుంటూ వాగు దగ్గరికి వచ్చింది. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

"ఒలే పోలమ్మా, ఎల్లి ఆ తాబేలుకి సెప్పీవే."

"మొన్న వద్దన్నావు కదప్పా?"

"మొన్న నాకు తెల్దు. ఇప్పుడు సెప్తన్నాను కదా, ఎల్లు!"

పోలమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. మొన్న వద్దన్న నోరే ఇవాళ వెళ్ళమంటోంది. ఇందులో ఏదో మోసం ఉంది. నాతో చెప్పించి, ఉడతలాగా నన్నూ సాగనంపి, తన తప్పు నా నెత్తిన రుద్దుతుంది కాబోలు. పోలమ్మ గుడ్డలు పిండుకుంటూ ఉండిపోయింది.

సాయంత్రమైంది. పొద్దు చెట్ల మీదకి వాలింది. పాఠం ముగించి కూర్మారావు తాటాకు పరిచి, పక్కనే రంగు చిప్ప పెట్టాడు. "ఎవరికైనా ముల్లు గుచ్చుకుందా?" అని మూడోసారి అడిగాడు. జవాబు లేదు. "సరే, కుడిచెయ్యి ముద్ర వెయ్యండి," అన్నాడు.

పోలమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. వాచిన చెయ్యి చూపిస్తే పట్టుబడిపోతుంది. ఈ ముద్రలన్నీ అందుకేనన్నమాట!

ముందు నూకరత్నం వంతు వచ్చింది. ఆమె ఎడమచెయ్యి చాచింది.

"కుడిచెయ్యమ్మా," అన్నాడు కూర్మారావు.

"ఏ సెయ్యైతే ఏటి బాబూ," అంటూ నూకరత్నం ఎడమచేత్తోనే గబగబా ముద్ర వేసి వెనక్కి తగ్గింది. కుడిచెయ్యి మాత్రం చీర కొంగులో చుట్టుకునే ఉంది.

పోలమ్మ ఆ కొంగు వైపే చూసింది. నూకరత్నం ముఖం ఎందుకు పాలిపోయిందో, ఇవాళ తనని వెళ్ళమని ఎందుకు బతిమాలిందో ఒక్కసారిగా అర్థమైంది. ఆమె దొంగ కాదు. తనలాగే గుచ్చుకున్న చెయ్యి దాచుకుంది. ఇంతసేపూ ఎంత తప్పుగా అనుకున్నానని పోలమ్మకి సిగ్గేసింది. పడమటి వైపు చూసింది. ఇంకా కాస్త పొద్దుంది. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది.

"బాబూ, నాకు గుచ్చుకున్నాది!" అని గట్టిగా అరిచి, వాచిన చెయ్యి చాచింది. "మొన్న పొద్దుట. దుమ్ములగొండి ఎల్లిన తర్వాత, గుడ్డలోని ముల్లు."

కూర్మారావు కేకలెయ్యలేదు. రాసుకోనూ లేదు. ముందు కషాయం ముంత తెచ్చి ఆమె నోటికి అందించాడు. అది ఎంత చేదంటే, పోలమ్మ చెవులు రెండూ మెలి తిరిగిపోయాయి. చుక్క మిగల్చకుండా తాగింది.

అప్పుడు డాక్టరు సింహాద్రి తల దించుకున్నాడు. "ఆ ముల్లు నేనే గుచ్చాను," అన్నాడు. "ఆనపబుర్ర గుమ్మం దగ్గరుంది. రోగి నోరు తెరుచుకుని ఉంటే అంతదూరం నడవడం బద్ధకమేసి, తర్వాత తీద్దాంలే అని గుండెల మీది గుడ్డకే గుచ్చేస్తాను. తియ్యడం మరిచిపోతూ ఉంటాను. పోలమ్మా, తప్పు నాది."

"మరి ఉడతని పనిలోంచి తీసీసినారు కదా బాబూ?" అంది పోలమ్మ.

"ఉడతా!" అన్నాడు డాక్టరు తెల్లబోయి. "ఈయన దగ్గరికే పంపాను. కషాయం తాగింది, నయమైంది, కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. తీసెయ్యడమేమిటి?"

నూకరత్నం ఉన్నచోటే కూలబడింది. కొంగు విప్పి కుడిచెయ్యి చూపించింది. నల్లగా కమిలిపోయి ఉంది.

"నాకూ గుచ్చుకున్నాది బాబూ. వాడిన ముల్లు మొనకి మూతలాగ వెదురు గుల్ల తొడగబోతే, జారి గుచ్చుకుపోనాది."

"ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగాడు కూర్మారావు.

"పది రోజులు."

కూర్మారావు ఇంకో ముంత తెచ్చి, అయినా సరేనని ఒక గుక్క పోశాడు. నూకరత్నం తాగింది. కానీ ఆయన మొదటిరోజు చెప్పిన మాట అబద్ధం కాలేదు.

ఆ రోజే కూర్మారావు ఆనపబుర్రని తెచ్చి డాక్టరు చేతికి అందేంత దగ్గర్లో కట్టాడు. వాడిన ముల్లుకి గుల్ల తొడగడం మాన్పించాడు. పోలమ్మ చెయ్యి వారంలో మామూలుగా అయింది. పిల్లలు కళ్ళు తెరిచి, మొదట చూసింది అమ్మనే.

నూకరత్నానికి మాత్రం ఎర్రజ్వరం వచ్చింది. నెల రోజులు మంచం దిగలేదు. ప్రాణం దక్కింది గానీ, కుడిచెయ్యి మళ్ళీ పట్టకారు పట్టుకోలేకపోయింది. పోలమ్మ రోజూ వెళ్ళి ఆమెకి జావ తాగించేది. ఒకరోజు జావ తాగుతూ తాగుతూ నూకరత్నం ఆగిపోయింది.

"తిడతారనే కదే దాసుకున్నాను, పోలమ్మా," అంది. "ఇన్నాళ్ళయింది. ఒక్కరైనా తిట్టలేదే."

పోలమ్మ గిన్నె పక్కన పెట్టి, ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

నీతి: పనిలో తగిలిన దెబ్బని దాచుకోకూడదు, వెంటనే చెప్పాలి. ఎవరేమంటారో అని అనుమానపడుతూ కూర్చుంటే, మందు పనిచేసే సమయం దాటిపోతుంది.