ఓబులమ్మ గుచ్చిన గ్రంథాలు

ఒకానొక రాజ్యంలోని విద్యాపీఠంలో త్రివిక్రమ పండితుడు విద్యార్థులకు గ్రంథరచన నేర్పేవాడు. వాళ్లు రాసిన తాటాకులను వరుసగా పేర్చి దారానికి గుచ్చే పని ఓబులమ్మది.

ఒకరోజు రాజుగారు మంత్రిగారిని వెంటబెట్టుకుని విద్యాపీఠానికి వచ్చారు. కేశన్న అనే విద్యార్థి వరిసాగు మీద రాసిన గ్రంథాన్ని పండితుడు ఆయన ముందే పక్కకు నెట్టేశాడు.

"ఇది ఆకులు గుచ్చే ఓబులమ్మకు కూడా అర్థమవుతుంది. ఇదేం పాండిత్యం? వీణ్ణి ఇంటికి పంపేద్దాం ప్రభూ."

కేశన్న తల దించుకోవడం చూసి ఓబులమ్మ మనసు చివుక్కుమంది.

"అయ్యా, మీ గ్రంథమూ ఈ అబ్బాయి గ్రంథమూ మళ్లీ గుచ్చి ఇస్తాను. రెండూ చదివించాక పంపేద్దురుగాని" అంది.

రాజుగారు సరేనన్నారు. ఓబులమ్మ రెండూ గుచ్చి ఇచ్చాక పండితుడు తన గ్రంథాన్ని చివరిదాకా గంభీరంగా చదివాడు. అందరూ తలలూపారు. తర్వాత మంత్రిగారు కేశన్న గ్రంథం అందుకున్నారు. రెండో ఆకులోనే రాజుగారు ఆపేశారు.

"నారు పోయకముందే కోతలేమిటి? ఆకులు తారుమారైనట్టున్నాయి."

"రెండింటిలోనూ నేనే తారుమారు చేశాను ప్రభూ" అంది ఓబులమ్మ. "పండితులవారి గ్రంథంలో ఆ సంగతి రాసినవారికే తెలియలేదు."

పండితుడు గబగబా ఆకులు తిరగేసి చూసుకుని, వాటిని మళ్లీ వరుసగా పేర్చడం మొదలుపెట్టాడు. రాజుగారు కేశన్నను పక్కన కూర్చోబెట్టుకుని గ్రంథమంతా సరైన వరుసలో చదివించుకున్నారు.

ఆనాటినుంచి విద్యార్థులు ఏది రాసినా ముందు ఓబులమ్మకు వినిపించేవారు. ఆమె సరేనని తలూపితేనే గురువుగారి దగ్గరికి తీసుకెళ్లేవారు.