దారిచుక్కకి పడ్డ చిల్లు

అనగనగనగా, అలలు గడప దాకా వచ్చి వెనక్కి పోయే ఒక ఊరుండేది. కాళ్ళాడించకు బంగారూ, దుప్పటి జారిపోతోంది. ఆ ఊళ్ళో అందరూ చేపల వేటకి పోయేవాళ్ళే.

అక్కడ పోలమ్మ అని ఒక పిల్ల. చదువుకుంది. పడవల వాళ్ళ ఫోన్లన్నిట్లో దారిచుక్క అనే యాప్ పెట్టింది ఆ పిల్లే. ఒడ్డు కనబడనంత దూరం పోయినా, ఇల్లు ఎటుందో అది చూపిస్తుంది. దానికి ధర లేదు. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి అల్లారు. ఎలా అల్లారో ఎవరైనా చూడొచ్చు. చిల్లు కనబడితే ఎవరైనా కుట్టొచ్చు.

ఒకరోజు ఆ అల్లినవాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది. 'ఆకాశం నుంచి వచ్చే సిగ్నలు ఒక్కసారి తెగితే దారిచుక్క ఆగిపోతోంది. ఆగిపోయానని చెప్పడం లేదు. పాత చోటే చూపిస్తోంది. చిల్లు కుట్టేశాం. కొత్తది వేసుకోండి.'

పెట్టింది తను. వాళ్ళు నమ్మింది తనని.

అప్పుడు మేనమామ ఎల్లాజీ దగ్గరికి పరుగెత్తింది. ఆయన ఫోన్లో 'కొత్తది వచ్చింది' అని ఎప్పట్నుంచో కనబడుతూనే ఉంది. కనబడినప్పుడల్లా 'తర్వాత' అని నొక్కేస్తున్నాడు.

"పని సేత్తంది గదా, దాన్నెందుకే కెలకడం?" అన్నాడు.

ఆ తర్వాత పెదనాన్న దానయ్య దగ్గరికి పోయింది. ఆ ఊళ్ళో ఒక ఆచారం. ఏటా వేట మొదలెట్టే రోజు పడవకి పూజ చేస్తారు కదా, దాంతోపాటే ఫోనుకీ పసుపు బొట్టు పెట్టి, తడవకుండా కవరులో చుట్టి, ఎర్రదారం కట్టేస్తారు. మళ్ళీ వేట ఆపేదాకా అందులో ఏదీ మార్చరు.

"పూజలో పెట్టిందాన్ని మారిస్తే అచ్చిరాదే," అన్నాడు దానయ్య. "రేపు పడవ కూడా మార్చమంటావేటి?"

ఆ తర్వాత సొంత తండ్రి గరగయ్య. "రేపు సూద్దాంలే అమ్మా," అని వల భుజానేసుకున్నాడు. పడవలన్నీ పోయాయి.

మధ్యాహ్నానికి గాలి మళ్ళింది. సముద్రం మీద తెర దించినట్టు వాన. ఎల్లాజీ పడవ వచ్చింది. దానయ్య పడవ వచ్చింది. వాళ్ళు ఒడ్డుకి దగ్గర్లోనే ఉన్నారు. గరగయ్య పడవ రాలేదు.

పోలమ్మ తల్లి సత్తెమ్మ కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. పోలమ్మ ఒడ్డున అటూ ఇటూ తిరిగింది. ఎవరూ ఆ పిల్లని ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది.

అక్కడ గరగయ్య ఫోను చూస్తున్నాడు. ఎంతసేపు నడిపినా ఉన్నచోటే ఉన్నట్టు చూపిస్తోంది. ఇల్లు అటే అంటోంది. అటే పోతున్నాడు. ఒడ్డు రావడం లేదు.

అప్పుడు సత్తెమ్మ ఇంట్లోంచి చేపలు మోసే సత్తుబేసిను తెచ్చింది. కర్ర పట్టుకుని బాదడం మొదలెట్టింది. పక్కింటామె కలిసింది. ఆ తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళంతా కలిశారు. చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. చినుకుల చప్పుడుని దాటి, ఆ మోత సముద్రం మీదికి పోయింది.

చీకటి పడకముందే గరగయ్య ఆ మోత పట్టుకుని వచ్చాడు. ఇసకలో దిగి, ఫోను తీసి కూతురి చేతిలో పెట్టాడు.

పోలమ్మ దారం విప్పలేదు. తండ్రి ఒక్కడిదీ మారిస్తే సరిపోదు కదా.

మర్నాడు మగవాళ్ళంతా ఒడ్డున కూర్చుని చిరిగిన వలలు కుడుతున్నారు. పోలమ్మ పోయి దానయ్య పక్కన కూలబడింది.

"పెదయ్యా, ఈ వలకి పూజ చేశావా?"

"సెయ్యకుండా పడవెక్కిత్తానా?"

"మరి చిల్లు కుడుతున్నావే. అచ్చొస్తుందా?"

"కుట్టకపోతే సేపలు ఆగుతాయేటే, ఎర్రిమొకమా!" అన్నాడు. అని, సూది పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచేశాడు.

ఎల్లాజీ నవ్వాడు. "దొరికిపోయావు బావా!"

"నవ్వకు. ముందు నీ ఫోను తియ్యి."

అప్పుడు సత్తెమ్మ వచ్చి దారాలు విప్పింది. పోలమ్మ ఒక్కొక్క ఫోన్లో కొత్తది వేసింది. ఆ తర్వాత సత్తెమ్మ మళ్ళీ దారాలు కట్టింది.

అప్పట్నుంచి ఆ ఊళ్ళో వలలు కుట్టేటప్పుడే ఫోన్లూ బయటికొస్తాయి. దానయ్య మాత్రం కొత్తది వేసినప్పుడల్లా ఇంకో పసుపు బొట్టు పెడతాడు. ఇప్పుడు ఆ ఫోనులో బొమ్మ కనబడటమే కష్టం.

"ఇంక దారిచుక్కకి చిల్లు పడదా అమ్మమ్మా?"

పడుతుంది తల్లీ. వాడే వస్తువు కదా, పడకుండా ఎలా ఉంటుంది? పోలమ్మ ఇప్పటికీ గాలి మళ్ళితే పడుకోదు. లేచి కబురు ఏమైనా వచ్చిందేమో చూసుకుంటుంది.

ఆ చప్పుడా? తలుపుదే. గడియ పెట్టాను. కాదు, ఉండు, ఇంకోసారి చూసొస్తాను. ఆఁ, పెట్టే ఉంది. కళ్ళు మూసుకో.

కథ కంచికి, వల గట్టుకి,
పడవ ఒడ్డుకి, నువ్వు నిద్దరకి.