వేరు పక్క గది నుంచి వచ్చిన మూట

జీడిమామిడి తోటలో, ఒరిగిన చెట్టు వేళ్ల కింద ఒక పెద్ద చీమలపుట్ట ఉండేది. రెండు వందల గదులు, గది గదికీ చుట్టరికమే. ఒక గదిలో తీపి దొరికితే ఆకుముక్కలో చుట్టి పక్క గదికి మూట పంపడం వాళ్ల ఆచారం. వచ్చిన మూటను ఎవరూ వాసన చూడరు. చూస్తే ‘నీ మీద నమ్మకం లేదు’ అన్నట్టే.

ఆ ఏటి వానల్లో పెంకుపురుగులు పుట్టలోకి దూరి పిల్లచీమలను తినేశాయి. గండుచీమల పెద్ద దాలినాయుడు వాటిని తరిమేసి, ద్వారాలన్నీ పూడ్చి, ఒక్కటే ఉంచి కాపలా పెట్టాడు. ఆనాటి నుంచి ఒక్క పురుగూ గడప దాటలేదు. అయినా మూడు నాలుగు రోజులకోసారి ఏదో ఒక గదిలో కొత్త పురుగు లేచేది. మర్నాటికి ఆ గదిలో పిల్లలు మిగిలేవారు కారు.

గవరమ్మ పిల్లల గది చూసుకునే ముసలి చీమ. ఆమె చేతికింద నలభై మంది పిల్లలు. నిన్న పురుగు లేచింది సరిగ్గా ఆమె పక్క గదిలోనే.

“నాయుడూ, ఆ పురుగు ఎటు నుంచి వచ్చింది?”

“రాలేదత్తా, లోపలే పుట్టింది. వానల్లో పెట్టిన గుడ్లు గోడ సందుల్లో పడి ఉన్నాయి. ఎన్నని తవ్వుతాం?”

“సరే. ఇన్నాళ్లు పడుకున్న గుడ్డు నిన్ననే ఎందుకు లేచింది?”

“గుడ్డునే అడుగు.”

“అది చెప్పదు గనకే నిన్నడుగుతున్నాను.”

దాలినాయుడు మీసాలు దువ్వుకుంటూ కాపలాకు పోయాడు. ఆ ప్రశ్న గవరమ్మ బుర్రను తొలిచేస్తూనే ఉంది. పురుగు లేచిన గదులన్నీ తిరిగి, ముందురోజు ఏం జరిగిందని అడిగింది. ఏడ్చేవాళ్లు ఏడుస్తూనే చెప్పారు. ఏమీ జరగలేదు, చుట్టాలు మూట పంపారు, తిన్నాం, పడుకున్నాం. అయిదు గదుల్లోనూ అదే మాట.

తిరిగి వచ్చేసరికి గుమ్మంలో కన్నమ్మ నిలబడి ఉంది. ఆమెది వేరు పక్క గది.

“వదినా, పిల్లలకని జీడిపండు గుజ్జు తెచ్చాను.”

గవరమ్మ మూట అందుకుని, ఆమె ముందే మీసాలు ఆనించింది. చీమలకు ముక్కు అక్కడే.

కన్నమ్మ ముఖం మాడిపోయింది. “నా మూట వాసన చూస్తావా? విషం పెట్టాననుకున్నావా?”

“తర్వాత తిట్టుకోవే. ముందు నువ్వూ చూడు.”

పైన జీడిపండు వాసన. దాని కింద కన్నమ్మ చేతి వాసన. అడుగున, సన్నగా, పెంకుపురుగు వాసన. విప్పి చూస్తే పురుగూ లేదు, గుడ్డూ లేదు. ఆకుకు అంటిన పెంకు పొడి మాత్రం ఉంది.

“ఇంత పొడి ఏం చేస్తుంది వదినా?”

గోడ సందులో గీకిన చప్పుడైంది. పాత గుడ్డు ఒకటి, తల్లి వాసన తగిలి, లోపలి నుంచి గోకుతోంది. కన్నమ్మ ఒక్క ఉరుకున దాన్ని నలిపేసింది.

“అయ్యో! ఎన్ని గదులకు పంచానో!”

సంగతి విని దాలినాయుడు పరుగెత్తుకొచ్చాడు. “ఇక మూటలు బంద్! ఏ గదీ ఏ గదికీ ఏమీ పంపకూడదు.”

“సాయంత్రానికి నా పిల్లలు ఏం తింటారు? నీ మీసాలా?” అంది గవరమ్మ. “మూటే చెబుతోందిగా, తననెక్కడ కట్టారో. పద.”

కన్నమ్మ గదిలో, వేరు వెనక, ఆమె ఆకులు దాచుకునే చోట ముసలి పెంకుపురుగు ఒకటి నేలను కరుచుకుని పడుకుని ఉంది. ఒంటినిండా పుట్టమట్టి పూసుకుంది. రోజూ ఆ ఆకుల మీద ఒళ్లు రుద్దడమే దాని పని.

“నేనెవరి గడపా తొక్కలేదమ్మా,” అంది వినయంగా. “పడుకున్న చోటి నుంచి కదల్లేదు.”

“ఎందుకు కదులుతావు? మా కాళ్లు వాడుకున్నావుగా,” అంది గవరమ్మ.

గండుచీమలు ఈడ్చుకుపోతుంటే అది గింజుకుంటూ అరిచింది: “చుట్టం మూట వాసన చూసిన సిగ్గులేనిది ఎవరే మీలో?”

“నేనే,” అంది కన్నమ్మ, గవరమ్మ కంటే ముందు.

మరో వేరు వెనక మరో పురుగు లేదని ఎవరూ ఒట్టేయలేరు. అందుకే కాపలా తీయలేదు, మూటలూ ఆపలేదు. వాసన చూడడమే మర్యాద అయింది.

మన ఒంట్లో కణాలూ ఇలాగే చిన్న చిన్న మూటలు పంపుకుంటాయి. మందు కాపలా కాస్తున్నా కొన్ని కణాల్లో హెచ్.ఐ.వి. దాక్కుని ఉంటుంది. ఆ కణాల మూటల్లో వైరస్ లేకపోయినా దాని పొడి, అంటే దాని తునకలు, ఉండవచ్చు, అవి వేరే కణంలో నిద్రపోయే వైరస్‌ను లేపవచ్చు అంటున్నారు పరిశోధించేవాళ్లు.

నీతి: గడప కాసినంత శ్రద్ధగా ఇంటివాళ్ల మూటనూ చూసుకోవాలి.