తబితమ్మ దాచిన దేవుడి జొన్నలు

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే ఊరు కూడా కాదులే, ఊరికి ఆవల ఎర్రచెలకలు, అదే మెట్టచేలు, దాటాక ఒక పేట. ఆ పేటలో ఒక పెంకుల గుడి. గుడికి గంట కొనే స్తోమత లేక, వేపకొమ్మకి ఒక రైలుపట్టా ముక్క వేలాడదీసి దాన్నే ఠంగు ఠంగుమని కొట్టేవాళ్ళు. ఏయ్, కాళ్ళు ఆడించకు, దుప్పటి జారిపోతోంది. ఊఁ కొడతావా, కథ ఆపెయ్యనా?

ఆ పేటలో తబితమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. కూలికి పోయేది, వచ్చి ఇంత వండుకునేది. ఆమెకి యేసుప్రభువంటే ప్రాణం. గుడి చిమ్మేది తనే, ముగ్గుపిండితో గుమ్మం తీర్చేది తనే, ఆదివారం అందరికంటే ముందొచ్చి కూర్చునేది తనే. ఇక ప్రార్థన మొదలుపెట్టిందా, అబ్బో, పొయ్యి మీద కూర అడుగంటాల్సిందే!

ఆ పేట ఆడవాళ్ళకి ఒక అలవాటు. జొన్నలు రోట్లో పోయబోయే ముందు ఒక పిడికెడు తీసి పక్కన ఒక కుండలో వేసేవాళ్ళు. అది దేవుడి కుండ. ఇంట్లో ఎంత తక్కువున్నా ఆ పిడికెడు మాత్రం తప్పేది కాదు. అలా ఏడాది పొడుగునా దాచి, కోత పండుగ నాడు గుళ్ళో చాప మీద కుమ్మరించేవాళ్ళు. ఆ గింజలతోనే గుడి కప్పుకి పెంకులు, దీపాలకి నూనె, పండక్కి అందరికీ అన్నం.

అందరి కుండల్లోకి తబితమ్మ కుండే పెద్దది. ఏటా చాప మీద ఆమె పోసిన కుప్పే ఎత్తుగా ఉండేది. చూసినవాళ్ళంతా అబ్బా అనేవాళ్ళు. ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేది. పాపం, ఆ మాత్రం మురిపెం ఎవరికి ఉండదు చెప్పు?

తబితమ్మ ఇంటి పక్క ఇల్లు మిరియమ్మది. రెండిళ్ళకీ మధ్య ఒక్కటే మట్టిగోడ. మిరియమ్మకి మొగుడు దావీదు, ఒక చంటిపిల్ల. ఆ పిల్ల పేరు నవోమి. అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడవడం నేర్చింది. పొద్దున లేస్తే తప్పటడుగులు వేసుకుంటూ తబితమ్మ గుమ్మంలోకి వచ్చేది. 'పెద్దమ్మా' అనడం రాక 'పెమ్మా, పెమ్మా' అనేది. తబితమ్మ ఎత్తుకుని ముద్దులాడేది.

అప్పుడు ఒక ఏడు వాన పడలేదు. సరేలే, వచ్చే ఏడు పడుతుందనుకున్నారు. ఆ ఏడూ పడలేదు. చెలకలు నెర్రెలిచ్చాయి. బావిలో బురద తేలింది. పనిలేదు, కూలిలేదు.

అయ్యగారు, అంటే ఆ గుడి పాస్టరు గారు, యాకోబయ్య గారని మంచాయన, దూరాన ఇంకో ఊళ్ళో ఉండి నెలకోసారి వచ్చేవాడు. ఆయన గుళ్ళో నిలబడి, "అమ్మా, ఈ ఏడు దేవుడి కుండలు కట్టిపెట్టండి. ఉన్నది పిల్లలకి పెట్టుకోండి," అని చెప్పాడు. అందరూ బతుకు జీవుడా అని కుండలు వంచుకున్నారు, వండుకున్నారు.

తబితమ్మ మాత్రం వంచలేదు. అయ్యగారు మన మీద జాలితో అన్నాడుగానీ, దేవుడికి ఇచ్చిన మాట తప్పుతామా అనుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని, "ప్రభువా, ఈ కుండ నీది. ఇందులో గింజ నేను ముట్టను. నువ్వు వాన ఇయ్యి," అని ఒట్టు పెట్టుకుంది. అన్నమాట ప్రకారమే తను పస్తులుండి కూడా పిడికెడు వేసేది. దొంగభక్తి కాదురా కన్నా అది, నిజం భక్తే. అందుకే నాకు ఇంత బాధ.

ఆ తర్వాత మిరియమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. "అక్కా, చిన్నదానికి జావ కాయడానికి ఇంట్లో గింజ లేదు," అంది. తబితమ్మ తను తాగబోయే జావలో సగం వంచి ఇచ్చింది. కుండ జోలికి పోలేదు.

కొన్నాళ్ళకి మిరియమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి తబితమ్మ పొయ్యి కూడా చల్లగానే ఉంది. మిరియమ్మ మూలనున్న కుండ వైపు చూసింది. "అవి దేవుడివి మిరియమ్మా," అంది తబితమ్మ. మిరియమ్మ ఖాళీ గిన్నె కొంగుకింద దాచుకుని వెళ్ళిపోయింది.

మూడోసారి పిల్లని చంకనేసుకుని వచ్చింది. గిన్నె తేలేదు.

"అక్కా, మేస్త్రీ వచ్చాడు. ఎక్కడో పత్తిచేలకి కూలికి తీసుకుపోతాడంట. మీ తమ్ముడు పోదామంటున్నాడు. చిన్నదానికి ఒళ్ళు వెచ్చగా ఉందక్కా, దీన్నేసుకుని అంత దూరం నేను పోలేను. ఆ కుండ నాకియ్యి. ఈ కార్తె గడిచేదాకా నిలబడితే చాలు, ఎక్కడికీ పోము."

తబితమ్మ గుండె కరిగింది. కరగలేదని నేననను. చెయ్యి కుండ మూత దాకా పోయింది కూడా. కానీ ఒట్టు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళు నిలబెట్టుకున్నాక ఇప్పుడు ముట్టుకుంటే వచ్చే వాన కాస్తా పోతుందేమోనని భయపడింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నీకోసం ప్రార్థన చేస్తానే," అంది.

అని ఊరుకుందా? అక్కడే, ఆ గుమ్మంలోనే, పిల్ల తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. అదేమన్నా చిన్న ప్రార్థనా! అబ్రాహాము కాలం నుంచి అందుకుంది. మిరియమ్మ పిల్లని ఒక చంక నుంచి ఇంకో చంకకి మార్చుకుంటూ, తలొంచుకుని, ఆమేన్ దాకా నిలబడింది. ఆ తర్వాత, "వస్తానక్కా," అని వెళ్ళిపోయింది.

తెల్లారి చూస్తే ఆ ఇంటి తలుపుకి తుమ్మకంప అడ్డం వేసి ఉంది. వలస పోయేవాళ్ళు అలాగే వేసి పోతారు. తబితమ్మ ఆ కంప ముందు చాలాసేపు నిలబడి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడు ఏం జరిగిందనుకున్నావు? వాన పడింది! వాళ్ళు వెళ్ళి ఎన్నాళ్ళో కాలేదు, కుండపోతగా పడింది. తబితమ్మ వానలో నిలబడి చేతులెత్తి, "నా మొర ఆలకించావు తండ్రీ," అని ఏడ్చింది. తన ఒట్టు వల్లే వచ్చిందనుకుంది. ఒట్టు పెట్టుకోనివాళ్ళ చెలకల్లోనూ పడిందిరా ఆ వాన, అది ఆమెకి తట్టలేదు.

చెలకలు పచ్చబడ్డాయి. వలసపోయినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఒక సాయంత్రం దావీదు వచ్చాడు, నెత్తిమీద మూట. వెనకాల మిరియమ్మ వచ్చింది, నెత్తిమీద ఇంకో మూట. చంకలో ఎవరూ లేరు.

ఆకలికి తోడు జ్వరమంట. దారిలోనే పోయిందంట. ఆ దారి పక్కనే ఒక చేను గట్టున పూడ్చిపెట్టి పోయారంట.

ఇటు చూడు, ఏడవకు. నేనూ ఏడవటం లేదు, కంట్లో నలక పడింది. కథ వినాలంటే వినాలి మరి, మంచి ముక్కలే ఏరి చెప్పమంటే ఎలా?

తబితమ్మ తలుపేసుకుంది. దేవుడి చిత్తం, మన చేతుల్లో ఏముంది అని తనకి తనే చెప్పుకుంది. ఎన్నిసార్లు చెప్పుకున్నా కంచంలో ముద్ద కంచంలోనే ఉండిపోయేది.

ఆ తర్వాత కోత పండుగ వచ్చింది. గుడి నిండా జనం. అయ్యగారు వచ్చాడు. మిరియమ్మ కూడా వచ్చి గోడవార కూర్చుంది. ఆడవాళ్ళు పాటపాడుతూ కొత్త గింజలు కొంచెం కొంచెం చాప మీద పోశారు. ఆఖరికి తబితమ్మ తన పెద్ద కుండ నడుం మీద పెట్టుకుని వచ్చింది. మూత తీసి వంచింది.

గింజలు రాలేదు. పిండి రాలింది. బూడిదలాంటి పిండి, అందులో లుకలుకమంటూ పురుగులు. కోత పండుగ లేక రెండేళ్ళు అలాగే ఉంచి, ఆపైన వాన చెమ్మ తగిలితే జొన్నలు పుచ్చిపోవూ! పాట ఆగిపోయింది. మిరియమ్మ లేచి వచ్చి చాప దగ్గర నిలబడింది. ఆ పిండిని చూసింది, తబితమ్మని చూసింది. బయటికి వెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళాక కూడా తబితమ్మ ఆ చాప దగ్గరే కూర్చుని ఉంది. అయ్యగారు వచ్చి నేల మీదే పక్కన కూర్చున్నాడు.

తబితమ్మ జరిగిందంతా చెప్పి, "నేను దేవుడికే కదా అయ్యగారూ దాచింది?" అంది.

"దేవుడికి ఆకలెయ్యదమ్మా," అన్నాడాయన మెల్లగా. "ఆయన పిల్లలకేస్తుంది. ఆ పిల్ల కోసం మిరియమ్మ రూపంలో గిన్నె పట్టుకుని నీ దగ్గరికి వచ్చింది ఆయనేనమ్మా."

తబితమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో, నా చేతులారా పంపించేశానే! చెయ్యి మూత దాకా పోయిందే! నన్నిప్పుడు ఏం చేయమంటారు?"

"ఏడువు. నేను వద్దనను. ఏడ్చాక లేచి వాళ్ళింటికి వెళ్ళు."

"తలుపు తియ్యదు."

"తియ్యకపోవచ్చు. అయినా వెళ్ళు."

ఆయన వెళ్ళిపోయాక తబితమ్మ ప్రార్థన చేయబోయింది. ఎప్పుడూ ఏరులా వచ్చే మాటలు ఒక్కటీ రాలేదు. "ప్రభువా" అంది. అంతే. ఇంకేం అడగాలో తెలియలేదు. ఆ ఒక్క మాటా పట్టుకుని లేచింది. ఇంతకుముందు దేవుడు తన ఒట్టు చూసి మెచ్చుకుంటున్నాడని ధీమాగా ఉండేది. ఇప్పుడు మెచ్చుకోడానికి తన దగ్గర ఏమీ లేదు. అయినా ఆయన తనని వదల్లేదని మాత్రం తెలిసింది. లేకపోతే ఆ కాళ్ళు మిరియమ్మ గుమ్మం వైపు నడిచేవి కావు.

మొదటిరోజు వెళ్ళి, "మిరియమ్మా," అని పిలిచింది. మిరియమ్మ చూసి తలుపు వేసేసింది.

ఇంకోరోజు కొత్త జొన్నలు చేటలో పోసుకుని వెళ్ళింది. మిరియమ్మ మళ్ళీ తలుపు వేసేసింది. తబితమ్మ ఆ చేట గుమ్మంలోనే పెట్టి వచ్చింది. సాయంత్రానికి గింజ తగ్గకుండా తన గుమ్మంలో ఉంది ఆ చేట.

మూడోసారి వట్టి చేతులతో వెళ్ళింది. మిరియమ్మ వాకిట్లో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. తబితమ్మ ఎదురుగా నేల మీద కూలబడింది.

"మిరియమ్మా, నీ బిడ్డ ఆకలి నేను కళ్ళారా చూశాను. నా కుండ నిండుగా ఉంది. అయినా ఇవ్వలేదు. దేవుడి పేరు అడ్డం పెట్టుకున్నాను. తప్పు నాదే, ఆయనది కాదు. నన్ను క్షమించు తల్లీ."

మిరియమ్మ చేట ఆపింది.

"దేవుడు క్షమిస్తాడులే అక్కా," అంది. "ఆయన పెద్దోడు. నావల్ల ఇప్పుడే కాదు."

ఆ మాటకి తబితమ్మ లేచి వెళ్ళిపోలేదు. ఏడ్చి గోల చేయలేదు, ప్రార్థన మొదలుపెట్టలేదు. "సరే," అంది. అక్కడే కూర్చుంది. మిరియమ్మ మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. తబితమ్మ పక్కన రాలిన గింజలు ఒక్కొక్కటే ఏరి చేటలో వేస్తూ ఉంది.

ఏంటీ, ఆ తర్వాత క్షమించిందా అంటావా? ఏమోరా బంగారం. మా అమ్మమ్మ నాకు చెప్పింది అంతవరకే. పొద్దు గుంకేదాకా ఇద్దరూ ఆ చేట దగ్గరే ఉన్నారంట. చీకటి పడ్డాక మిరియమ్మ చేట తీసుకుని లోపలికి పోయిందంట. తలుపు మాత్రం వేయలేదంట.

కథ పోయె కంచికి,
కాకి పోయె గూటికి,
మనం వచ్చాం ఇంటికి,
కునుకు వచ్చె కంటికి.